నా సంతకాన్ని నాకు తిరిగి ఇచ్చిన రసాయన శాస్త్రవేత్త

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో మాట్లాడుకునే విషయాలు మీకు తెలిసినవే. డి.ఎ. బకాయిలు, మెడికల్ రీయింబర్స్‌మెంటు, లైఫ్ సర్టిఫికెట్లు. ఈసారి కార్యదర్శి గారు నన్ను పిలిచి, "ఆరోగ్యం గురించి మీకు తోచింది ఒక అరగంట చెప్పండి" అన్నారు. నేను డాక్టరును కాను. సర్వీసంతా ఫైళ్ల మధ్య కూర్చున్న గుమాస్తాను. అందుచేత ఆరోగ్య సూత్రాలు చెప్పే సాహసం చేయను. నేను రోజూ వేసుకునే ఒక మాత్ర గురించీ, ఆ మాత్రలోని మందును తయారుచేయడానికి ఒక కొత్త దారి వేసిన ఒక ఉద్యోగి గురించీ చెబుతాను. ఉద్యోగి అన్న మాట కావాలనే అంటున్నాను. ఆయన కాలేజీలో ప్రొఫెసరు కాదు. నెల జీతానికి ఒక కంపెనీలో 44 ఏళ్లు పనిచేసి రిటైరయిన మనిషి. ఆయన పేరు విలియం నోల్స్. అమెరికా దేశస్థుడు.

సంతకం తేడా

ముందు ఆయన ఊసు నా దాకా ఎలా వచ్చిందో మనవి చేస్తాను.

మూడేళ్ల క్రితం బ్యాంకులో డబ్బు తీసుకోవడానికి ఫారం నింపి ఇచ్చాను. కౌంటరులోని కుర్రవాడు నా సంతకం చూసి, కంప్యూటరులో ఉన్న నమూనా సంతకం చూసి, "ఇది మీరే పెట్టారా సార్?" అని అడిగాడు. మళ్లీ పెట్టమన్నాడు. పెట్టాను. మొదటిదాని కంటే చిన్నదిగా వచ్చింది. మూడోసారి ఇంకా చిన్నదయింది. వెనక వరుసలో ఉన్నవాళ్లు చూస్తున్నారు. ఆ కుర్రవాడి తప్పేమీ లేదు. సర్వీసులో ఉండగా సంతకం తేడాగా ఉందని నేనూ ఎన్నో బిల్లులు వెనక్కి పంపాను. ఆ సంతకం పెట్టిన మనిషి చేతికి ఏమయిందోనని ఒక్కసారీ ఆలోచించలేదు.

ఆ రోజు డబ్బు తీసుకోకుండానే ఇంటికి వచ్చాను. విషయం చెబితే మా ఆవిడ పాల లెక్క రాసే పుస్తకం తెచ్చి చూపించింది. "ఏడాది నుంచీ మీ అక్షరాలు చీమల్లా అయిపోతున్నాయి. కళ్లజోడు మార్చుకోవాలేమో అనుకున్నానండీ" అంది. ఆఫీసులో నా దస్తూరీ బాగుంటుందని ముఖ్యమైన ఉత్తరాలకు చిత్తు ప్రతులు నా చేతనే సాపు రాయించేవారు. అలాంటి నా దస్తూరీ అది.

నరాల డాక్టరు గారు పెద్ద యంత్రాలేమీ పెట్టలేదు. తెల్ల కాగితం ఇచ్చి ఒకే వాక్యాన్ని నాలుగుసార్లు రాయమన్నారు. వరండాలో నడవమన్నారు. నడిచేటప్పుడు నా కుడి చెయ్యి ఊగడం లేదని నాతో పాటు వచ్చిన మా అబ్బాయికి చూపించారు. తర్వాత కూర్చోబెట్టి, ఇది పార్కిన్సన్ వ్యాధి అని నెమ్మదిగా చెప్పారు. మన పెద్దలు కంపవాతం అనేవారే, అది. మాత్ర రాసి ఇచ్చి, కొద్ది మోతాదుతో మొదలుపెట్టారు. కొన్ని వారాలకు చొక్కా గుండీలు నేనే పెట్టుకోగలిగాను. తర్వాత బ్యాంకుకు వెళ్లి కొత్త నమూనా సంతకం ఇచ్చి వచ్చాను.

ఆ మాత్ర చీటీ మీద లెవోడోపా అని ఉంటుంది. మా మనవరాలు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతోంది. అది చూసి, "తాతయ్యా, నీ మాత్ర వెనకాల రెండు నోబెల్ బహుమతులున్నాయి తెలుసా?" అంది. తెలియదన్నాను. ఆ సాయంత్రం ఆ పిల్ల చెప్పిందీ, తర్వాత నేను చదువుకున్నదీ కలిపి ఇప్పుడు మీకు చెబుతున్నాను.

రోగం కథ, మందు కథ

ఈ రోగాన్ని 1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ డాక్టరు ఒక చిన్న పుస్తకంలో వర్ణించాడు. అందుకే ఆయన పేరు వచ్చింది. అది ఎందుకు వస్తుందో ఆ తర్వాత నూరేళ్లు దాటినా తెలియలేదు.

1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ అనే శాస్త్రవేత్త కుందేళ్లకు రెసర్పిన్ అనే మందు ఇచ్చాడు. ఈ రెసర్పిన్ మన దేశపు సర్పగంధ వేరు నుంచి వచ్చిందే. రక్తపోటుకు వాడేవారు. అది ఇస్తే కుందేళ్లు కదలకుండా పడిపోయాయి. వాటికి డోపా అనే పదార్థం ఎక్కించగానే లేచి తిరిగాయి. మెదడులో డోపమైన్ అనే పదార్థం తగ్గితే కదలిక ఆగిపోతుందనీ, డోపా ఇస్తే మెదడు దానితో డోపమైన్ తయారుచేసుకుంటుందనీ దీనివల్ల తేలింది. ఈ కృషికి కార్ల్‌సన్‌కు 2000 సంవత్సరంలో నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది. మా మనవరాలు చెప్పిన రెండింటిలో ఒకటి అదే.

1960లో వియన్నాలో హోర్నికీవిజ్ అనే ఆయన, పార్కిన్సన్ రోగంతో చనిపోయినవారి మెదడును పరీక్షించి, అందులో డోపమైన్ బాగా తగ్గిపోయిందని చూపించాడు. మరుసటి ఏడాది అక్కడే రోగులకు ఇంజెక్షను ఇచ్చి చూశారు. కదలలేనివారు కదిలారు, కాని కొద్ది గంటలే. 1967లో అమెరికాలో జార్జి కోట్జియాస్ అనే డాక్టరు నోటి ద్వారా కొద్దికొద్దిగా మోతాదు పెంచుతూ ఇచ్చి, ఆ ఫలితాన్ని నిలబెట్టాడు. 1970లో అమెరికా ప్రభుత్వం ఈ మందుకు అనుమతి ఇచ్చింది.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆ రోజుల్లో ఒక్కొక్క రోగికి రోజుకు మిల్లీగ్రాములు కాదు, గ్రాముల లెక్కన మందు కావలసి వచ్చేది. వేలాది రోగులు ఎదురుచూస్తున్నారు. అంత మందు ఎక్కడి నుంచి తేవాలి? నోల్స్ గారి కథ ఇక్కడి నుంచి మొదలవుతుంది.

గుడి మెట్ల దగ్గర చెప్పులు

ఆయన చేసిన పని అర్థం కావాలంటే ఒక్క విషయం తెలియాలి. మా మనవరాలు నాకు చెప్పినట్టే చెబుతాను.

గుడి మెట్ల దగ్గర చెప్పులు విడుస్తాం. కుడి చెప్పు, ఎడమ చెప్పు ఒకే కొలత, ఒకే తోలు, ఒకే బరువు. అద్దంలో చూస్తే ఒకదానికొకటి ప్రతిబింబం. కాని ఎడమ చెప్పు కుడి కాలికి పట్టదు. కొన్ని అణువులు కూడా అంతే. అవే పరమాణువులు, అదే వరుస. కాని రెండు రూపాలుంటాయి, ఒకటి రెండోదానికి ప్రతిబింబం. లూయీ పాశ్చర్ 1848లోనే ఇలాంటి రెండు రకాల స్ఫటికాలను చేత్తో ఏరి వేరు చేసి చూపించాడు.

మన శరీరం పాదం లాంటిది. దానికి ఒక వైపు చెప్పే పడుతుంది. డోపాలో ఎల్ అనే రూపమే మెదడుకు పనికి వస్తుంది. మందు పేరులో లెవో అన్నది దాన్నే చెబుతుంది. రెండోదైన డి రూపం రోగానికి పనిచేయదు. పైగా మొదట్లో రెండూ కలిసిన డోపాను వాడినప్పుడు కొందరు రోగుల రక్తకణాలు తగ్గాయని కోట్జియాస్ గమనించాడు. తర్వాత ఎల్ రూపం ఒక్కటే వాడాడు.

ప్రకృతి అయితే ఒక్క రూపాన్నే తయారుచేస్తుంది. ఎల్-డోపాను 1913లోనే మార్కస్ గుగ్గెన్‌హైమ్ ఒక రకం చిక్కుడు నుంచి తీశాడు. మన దేశంలో 1937లో మద్రాసులో ఎం. దామోదరన్, ఆర్. రామస్వామి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దూలగొండి గింజల నుంచి తీశారు. చిన్నప్పుడు కంచెల వెంట తిరిగినవారికి దూలగొండి కాయ నూగు ఒంటికి తగిలితే ఎంత దురదో గుర్తుండే ఉంటుంది. ఆ కాయ లోపలే ఈ మందు ఉంది.

ఫ్యాక్టరీలో తయారుచేస్తే మాత్రం కుడి ఎడమలు సరిసమానంగా వస్తాయి. నూరు అణువులు చేస్తే యాభై పనికొచ్చేవి, యాభై పనికిరానివి. వాటిని వేరుచేయాలి, మిగిలిన సగాన్ని పారేయాలి లేదా మళ్లీ మొదటికి తెచ్చి మార్చాలి. ఎంత ఖర్చు, ఎంత శ్రమ! మొదటి నుంచే ఒక వైపు చెప్పులే కుట్టే పద్ధతి ఉండకూడదా? ప్రాణులలోని ఎంజైములు తప్ప ఆ పని చేసేవి లేవని ఆ రోజుల్లో చాలామంది అనుకునేవారు.

ఉద్యోగంలో చేరిక, మూసేసిన ఫైలు

విలియం నోల్స్ 1917 జూన్ 1న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం టాంటన్‌లో పుట్టారు. హార్వర్డులో సీటు వచ్చినా, ఇంకా చిన్నవాడినని ఒక ఏడాది ఆగి వేరే స్కూల్లో చదివారు. అక్కడ కెమిస్ట్రీలో మొదటి బహుమతి వచ్చింది, 50 డాలర్లు. 1939లో హార్వర్డు డిగ్రీ, 1942లో కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు. అదే ఏడాది మోన్‌శాంటో కంపెనీలో చేరారు. ఈ పేరు మన పత్తి రైతులకు బి.టి. విత్తనాల వల్ల తెలుసు. 2018లో అది బేయర్ కంపెనీ చేతికి వెళ్లింది. నోల్స్ గారి రోజుల్లో అది ముఖ్యంగా రసాయనాల కంపెనీ. మొదట ఒహాయో రాష్ట్రంలో పనిచేసి, 1944లో సెయింట్ లూయిస్ నగరానికి బదిలీ అయ్యారు. తర్వాత అక్కడే స్థిరపడ్డారు.

1950ల మొదట్లో కార్టిజోన్ అనే మందుకు చాలా గిరాకీ ఉండేది. కీళ్లవాతానికి అద్భుతంగా పనిచేస్తుందని వార్త. హార్వర్డు ప్రొఫెసరు వుడ్‌వర్డ్ దానివంటి స్టెరాయిడ్లను ప్రయోగశాలలో నిర్మించే దారి 1951లో కనిపెట్టారు. ఆ పద్ధతిని ఫ్యాక్టరీకి తేవడానికి పూనుకున్నవారిలో నోల్స్ ఒకరు. అయితే 1952లో మరొక కంపెనీ, అప్‌జాన్, ఒక బూజు చేత ఆ పనిలో కష్టమైన మెట్టును చేయించింది. ఆ దారి ఎంతో చవక. దాని ముందు వుడ్‌వర్డ్ దారి వ్యాపారంగా నిలబడలేదు.

ఇలాంటి ఫైళ్లు మనం చూడనివి కావు. నెలల తరబడి లెక్కలు కట్టి, నోటు పెట్టి, పై నుంచి "ప్రస్తుతానికి నిలుపుదల" అన్న ఒక్క మాటతో తిరిగి వచ్చినవి ఎన్నో. మన దగ్గర ఫైలు రికార్డు రూముకు పోతుంది. నోల్స్ గారు మాత్రం దాన్నుంచి ఒక పాఠం నేర్చుకుని ఉంటారని నేను అనుకుంటాను. ఒక బూజు కుడి ఎడమలు తెలుసుకుని అంత పని చేయగలిగితే మనిషి చేసిన ఉత్ప్రేరకం ఎందుకు చేయలేదు?

పెళ్లిళ్ల పేరయ్య

ఉత్ప్రేరకం అన్నాను. అది పెళ్లిళ్ల పేరయ్య లాంటిది. ఇద్దరిని కలుపుతుంది, తాను మాత్రం ఎప్పటిలాగే మిగిలిపోయి మరో సంబంధానికి బయలుదేరుతుంది. అందుకే కొంచెం ఉంటే చాలు, వేలకొద్దీ అణువులను తయారుచేస్తుంది.

1960ల మధ్యలో లండన్‌లో జాఫ్రీ విల్కిన్సన్ రోడియం అనే అరుదైన లోహంతో ఒక ఉత్ప్రేరకం చేశారు. తర్వాత 1973లో ఆయనకూ నోబెల్ వచ్చింది. రోడియం చుట్టూ భాస్వరం ఉన్న అణువులు మూడు అంటిపెట్టుకుని ఉంటాయి. అది ద్రవంలో కరిగి, కర్బన అణువులకు హైడ్రోజన్‌ను చేరుస్తుంది. కాని దానికి కుడి ఎడమల తేడా తెలియదు. భాస్వరానికి మూడు పక్కలా ఒకే రకం గుంపులు ఉండటమే కారణం.

నోల్స్ ఏమన్నారంటే, భాస్వరానికి మూడు పక్కలా మూడు వేరువేరు గుంపులు తగిలిద్దాం, అప్పుడు ఆ భాస్వరానికే కుడి ఎడమ వస్తుంది. దాన్ని రోడియం పక్కన కూర్చోబెడితే, రోడియం చేసే పనికీ ఒక వైపు మొగ్గు రావాలి.

మన ఆఫీసు భాషలో చెబుతాను. హైడ్రోజన్ చేరవలసిన అణువు బల్ల మీద పరిచిన కాగితం లాంటిది. హైడ్రోజన్ రబ్బరు స్టాంపు. స్టాంపు కాగితం ముందు వైపు పడితే ఎల్ రూపం, వెనక వైపు పడితే డి రూపం. మామూలు ఉత్ప్రేరకం కళ్లు మూసుకుని స్టాంపు వేసే అటెండరు. సగం ముందు, సగం వెనక. నోల్స్ కోరింది, ప్రతి కాగితాన్నీ ముందు వైపు తిప్పి పెట్టుకుని స్టాంపు వేసే మనిషిని.

పదిహేను శాతం

1968లో మిల్టన్ సబాకీ అనే సహోద్యోగితో కలిసి ఆయన దీన్ని చేసి చూశారు. ఫలితం 15 శాతం మొగ్గు. అంటే నూటికి యాభై యాభై రావలసిన చోట దాదాపు యాభై ఏడున్నర, నలభై రెండున్నర వచ్చాయి. ఫ్యాక్టరీకి ఇది పూర్తిగా పనికిరాని అంకె. దీన్ని పట్టుకుని ఏ మందూ తయారుచేయలేరు. కాని యాభై ఏడున్నర అంటే యాభై కాదు. మనిషి చేసిన ఉత్ప్రేరకం కుడి ఎడమలు గుర్తుపట్టింది! జర్మనీలో హోర్నర్ అనే ఆయన కూడా దాదాపు అదే సమయంలో విడిగా ఇలాంటి ఫలితమే చూశారు.

అప్పటికి నోల్స్ వయసు 51. మన లెక్కన 58కి రిటైర్మెంటు అయితే ఇంకా ఏడేళ్ల సర్వీసు మిగిలి ఉన్న మనిషి. ఆ వయసులో మనలో చాలామందిమి ఏం ఆలోచించాం? పెన్షన్ ఎంత వస్తుంది, కమ్యుటేషన్ ఎంత తీసుకోవాలి, ఇల్లు ఎక్కడ కట్టుకోవాలి. నేనూ అంతే. తప్పని అనను. ఆయన మాత్రం 15 శాతం చేతిలో పట్టుకుని కూర్చున్నారు.

ఇంతలో ఎల్-డోపాకు గిరాకీ వచ్చింది. ఐస్‌క్రీములో వాసనకు వేసే వెనిలిన్‌ను మోన్‌శాంటో ఎప్పటి నుంచో తయారుచేస్తోంది. డోపా తయారీ ఆ వెనిలిన్ నుంచే మొదలవుతుంది. కుడి ఎడమలు కలిసిన సరుకును మోన్‌శాంటో చేసి హాఫ్‌మన్ లా రోష్ అనే మందుల కంపెనీకి ఇచ్చేది. వేరుచేసే పని వాళ్లది. అంటే నోల్స్ గారి ప్రశ్నకు సరిపోయే సమస్య సొంత కంపెనీ వాకిట్లోనే ఉంది. ఆ తయారీ దారిలో హైడ్రోజన్ చేర్చవలసిన మెట్టు ఒకటి ఉంది. అక్కడే ఆయన ఉత్ప్రేరకం పనికి రావాలి.

ఆ తర్వాత జరిగింది మెరుపు మెరిసినట్టు కాదు. భాస్వరానికి ఒక గుంపు తీసి ఇంకొకటి పెట్టడం, కొలవడం, మళ్లీ మార్చడం. అలా చేస్తూ పోతే క్యాంప్ అని పిలిచిన అణువుతో 88 శాతం వచ్చింది. అంటే నూటికి తొంభై నాలుగు కావలసిన రూపం. ఫ్రాన్సులో హెన్రీ కాగన్ 1971లో రెండు భాస్వరాలున్న అణువుతో మంచి ఫలితం చూపించారు. నోల్స్, బిల్లీ వినియార్డ్ తదితరులు కూడా తమ దగ్గరున్న అణువులను రెండేసి జోడించి డైపాంప్ అనే అణువు చేశారు. ఫలితం 95 శాతం. నూటికి తొంభై ఏడున్నర ఎల్ రూపం! మరో సౌకర్యం కూడా కలిసి వచ్చింది. తయారైన సరుకు స్ఫటికాలుగా గడ్డకట్టి అడుగుకు దిగుతుంది. రోడియమూ, కాస్తో కూస్తో వచ్చిన తప్పు రూపమూ పైన ద్రవంలో ఉండిపోతాయి.

1974లో ఈ పద్ధతిలో ఎల్-డోపా ఫ్యాక్టరీలో తయారవడం మొదలైంది. కుడి ఎడమలు తెలిసిన లోహ ఉత్ప్రేరకంతో ప్రపంచంలో వ్యాపార స్థాయిలో జరిగిన మొదటి తయారీ అదే. పదిహేను శాతం నుంచి తొంభై అయిదుకు, ప్రయోగశాల నుంచి ఫ్యాక్టరీకి రావడానికి ఆరేళ్లు పట్టింది.

రిటైరయిన పదిహేనేళ్లకు

1986లో నోల్స్ రిటైరయ్యారు. 44 ఏళ్లు ఒకే కంపెనీ. ఆయన పేటెంట్లు కంపెనీ పేరున ఉండేవి. మనం రాసిన నోట్లు ప్రభుత్వానివి అయినట్టే. సెయింట్ లూయిస్ దగ్గర ఊళ్లో ప్రశాంతంగా ఉంటున్నారు.

2001 అక్టోబరు 10న నోబెల్ రసాయన బహుమతి ప్రకటించారు. సగం బారీ షార్ప్‌లెస్ అనే అమెరికా శాస్త్రవేత్తకు. మిగిలిన సగం నోల్స్‌కూ, జపాన్‌కు చెందిన రియోజీ నొయోరికీ చెరిసగం. నొయోరి ఈ దారినే ఇంకా ముందుకు తీసుకువెళ్లారు. మనం పిప్పరమెంటు బిళ్లల్లో రుచి చూసే మెంథాల్‌ను జపాన్‌లో 1980లలో రోడియం ఉత్ప్రేరకంతో తయారుచేయడం మొదలుపెట్టారు. అది నొయోరి తదితరుల కృషి. నోల్స్ వయసు అప్పటికి 84. ఆయన రిటైరయి పదిహేనేళ్లయింది. పదకొండేళ్ల తర్వాత 2012 జూన్ 13న, 95 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఇది చదివినప్పుడు నాకు మొదట ఆనందం కలిగింది. తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. 2001లో ఆ ప్రకటన రాకపోయి ఉంటే? ఆయన సంతోషించేవారు కాదేమో గాని, ఆ మందు మీద ఆధారపడినవారికి ఏ లోటూ ఉండేది కాదు. 1974 నుంచీ ఆ మందు వేసుకుని లేచి నడిచినవారికి ఆయన పేరే తెలియదు. నాకూ మొన్నటి దాకా తెలియదు. పని తన దారిన తాను నడుస్తూనే ఉంది. బహుమతి ఆయనకు వచ్చిన డి.ఎ. బకాయి లాంటిది. ఆలస్యంగా వచ్చినా సంతోషమే. అయితే జీతం ముట్టింది మాత్రం పని చేసిన రోజులకే.

నిజం దాచకూడదు కనుక ఇంకొక మాట. నేడు ఎల్-డోపాను సూక్ష్మజీవుల ఎంజైములతోనూ తయారుచేస్తున్నారు, దూలగొండి గింజల నుంచీ తీస్తున్నారు. కార్టిజోన్ విషయంలో ఒక బూజు ముందుకు వచ్చినట్టే ఇక్కడా ప్రకృతి మళ్లీ పోటీకి వచ్చింది. కాని కుడి ఎడమల తేడా తెలిసిన ఉత్ప్రేరకాన్ని మనిషి చేయగలడని తేలాక, ఆ దారిలో ఎన్నో మందులు వచ్చాయి. ఆ దారి తెరిచిన అంకె 15.

తోటివారికి నాలుగు మాటలు

మన వయసువారికి పనికివచ్చేవి కొన్ని చెప్పి ముగిస్తాను. ఇవి నాకు డాక్టరు గారు చెప్పినవే.

చెయ్యి వణికిన ప్రతివారికీ ఈ రోగం ఉన్నట్టు కాదు. వణుకు లేకుండానూ ఈ రోగం ఉండవచ్చు. అక్షరాలు చిన్నవి కావడం, నడకలో చెయ్యి ఊగకపోవడం, గొంతు తగ్గడం, గుండీలు పెట్టుకోవడం కష్టం కావడం, ఇలాంటివి ఇంట్లోవారు ముందుగా గమనిస్తారు. ముసలితనమని సరిపెట్టుకోకుండా నరాల డాక్టరుకు చూపించండి.

ఈ మందు రోగాన్ని పూర్తిగా నయం చేయదు. లోటును పూడుస్తుంది. ఇప్పటి మాత్రల్లో సాధారణంగా కార్బిడోపా వంటి ఇంకొక మందు కలిపి ఉంటుంది. దానివల్ల పూర్వంలా గ్రాముల కొద్దీ వేసుకోవలసిన అవసరం తప్పింది. మాత్ర వేళ తప్పకూడదు. పప్పు, పాలు, గుడ్డు వంటి మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న భోజనంతో కలిపి వేసుకుంటే కొందరికి మందు సరిగా ఒంటపట్టదు. ఏ వేళకు వేసుకోవాలో డాక్టరును అడగండి. బాగుందని ఒక్కసారిగా మానేయడం ప్రమాదం. అలాగే దూలగొండి గింజల్లో మందు ఉందన్నాను కదా అని ఎవరూ ఇంట్లో పొడి కొట్టుకుని తాగవద్దు. అందులో మందు ఎంత పాలు ఉందో చూసి చెప్పలేరు.

ఆస్పత్రిలో చేరవలసి వస్తే ఈ మాత్రల వేళలు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. మా ఆవిడ నా చొక్కా జేబులో అలాంటి కాగితం ఒకటి ఎప్పుడూ పెడుతుంది.

చివరిగా ఒక మనవి. మనలో ఎవరి చెయ్యి వణికినా, ఎవరి సంతకం చిన్నదైనా, సిగ్గుపడి ఇంట్లో కూర్చోవద్దు. సభలకు రావడం మానవద్దు. ఆ రోజు బ్యాంకు నుంచి తిరిగి వచ్చిన తర్వాత నెల రోజులు నేను ఎవరికీ ముఖం చూపలేదు. ఆ నెల రోజులూ వృథా. ఈలోగా మందుల దుకాణంలో మాత్ర నా కోసం ఎదురుచూస్తూనే ఉంది. నేను పుట్టిన కాలానికి ఆ మందు లేదు. నేను బడికి వెళ్లే వయసులో కుందేళ్ల మీద ప్రయోగం జరిగింది. నేను ఉద్యోగానికి దరఖాస్తులు పెట్టుకునే రోజుల్లో సెయింట్ లూయిస్‌లో ఒక ఉద్యోగి భాస్వరానికి గుంపులు మార్చి మార్చి కొలుస్తున్నాడు. నాకు దానితో సంబంధం ఉందని అప్పుడు నాకు తెలియదు, ఆయనకూ తెలియదు.

ఈ ప్రసంగాన్ని టైపు చేయించి ఇస్తామని కార్యదర్శి గారు అన్నారు. వద్దన్నాను. ఈ కాగితాలు నా చేత్తోనే రాసుకున్నాను. మాత్ర వేసుకున్న గంటకు కూర్చుని రాస్తే అక్షరాలు ఒక మాదిరిగా వస్తాయి. చివరి రెండు పేజీల్లో కొంచెం చిన్నవయ్యాయి. అయినా చదవగలిగాను. అడుగున సంతకం కూడా పెట్టాను. కార్యదర్శి గారు దాన్ని తేడా ఉందని వెనక్కి పంపరని నమ్ముతున్నాను.